నూటముప్పై తొమ్మిదో పేరు

పదకొండు పేర్లు నా దగ్గర ఉండిపోయాయి. ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను.

ముప్పై కాదు, ఇరవై ఏడు. చూశారా, రెండో వాక్యంలోనే మూడేళ్లు కలిపేశాను. నాకు పెంచి చెప్పే అలవాటుంది. పెళ్లికి వంద మంది వస్తే మూడు వందలంటాను. జ్వరం నూటొకటి ఉంటే నూట నాలుగంటాను. చిన్నప్పుడు చొప్పదండిలో మా అవ్వ నేను చెప్పిన ఏ మాటనైనా సగానికి తెంపి నమ్మేది. ఆమె పోయాక తెంపేవాళ్లు లేక, నేను చెప్పింది చెప్పినట్టే లోకంలో ఉండిపోయింది. అందుకని ఈ కాగితం మీద ఎక్కడ పెంచితే అక్కడే దించుతాను. కొట్టేసి శుభ్రంగా మళ్లీ రాయను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఉంటే ఇంతకాలం పట్టేది కాదు.

బరువంటే గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుందనుకుంటారు. నాకట్లా ఉండదు. నాకది ఫోను మోగినట్టు ఉంటుంది. గదిలో ఫోను తీసేయించి చాలా ఏళ్లయింది. అయినా మధ్యాహ్నం మూడు దాటాక, కింద దుకాణాల వాళ్లు కునుకు తీసే వేళ, ఎక్కడో మోగుతుంది. నేను ఎత్తకుండా కూర్చుంటాను. ఎన్నిసార్లు మోగుతుందో లెక్కపెడతాను. ఆగిపోతుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఫోను తీగ మీద కంప్యూటరు ఫైలు పంపిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ మాట బస్సుల్లో పక్క సీటువాళ్లకు, మంగలి షాపులో, ఆఖరికి కొండగట్టు మీద దర్శనం వరసలో ముందు నిలబడ్డ తెలియని ఆయనకు కూడా చెప్పాను. ఇది దించాలి. నాకంటే ముందు ఎన్ని ఆఫీసులవాళ్లు పంపారో నాకు తెలియదు. ఎన్నడూ కనుక్కోలేదు. కనుక్కుంటే చెప్పుకోవడానికి ఉండదు కదా.

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీ మూతపడి చదువు ఒక ఏడాది వెనకబడ్డ వాళ్లలో ఒకణ్ణి. ఆ వెనకబాటు తీర్చుకోవాలన్న తొందర మాత్రం ముసలితనం దాకా పోలేదు. తొంభైల నడుమ, నలభై తొమ్మిదేళ్ల వయసులో, ఒక పాత పుస్తకం ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. విజ్ఞానం మీద ఆసక్తి అని అందరికీ చెప్పేవాణ్ణి. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. పిల్లలు లేరు. టవర్ దగ్గర ఒక మేడ మీద గది. బడి అయిపోయాక ఏం చేయాలో తెలియక నేర్చుకున్నాను. అదీ సంగతి.

కరీంనగర్‌లో ఒక ధర్మ కంటి ఆసుపత్రి ఉండేది. పేరు రాయను. దానికి చెన్నూరులో ఒక చిన్న కేంద్రం. గోదావరి ఒడ్డు ఊళ్ల ముసలివాళ్లు అక్కడికి వచ్చి కళ్లు చూపించుకునేవారు. పొర వచ్చినవాళ్ల వివరాలు రాసుకుని, నంబరు వేసిన చీటీ చేతికిచ్చి, ఫలానా రోజు కరీంనగర్ రమ్మనేవారు. నెలకోసారి ఇక్కడ ఆపరేషన్ల శిబిరం. పడకలు, మందులు, కంట్లో పెట్టే అద్దాలు, అన్నీ జాబితా ప్రకారం సిద్ధం చేసేవారు. ఆ జాబితా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపితే ఒకసారి వచ్చేది, ఒకసారి బస్సుతోపాటే ఇంకో ఊరికి పోయేది. ఎవరో దాత రెండు కంప్యూటర్లు, ఫోను తీగ మీద వాటిని మాట్లాడించే మోడెములు రెండు ఇచ్చాడు. మాట్లాడించే పని నా మీద పడింది. పడలేదు, నేనే అడిగి తీసుకున్నాను. జీతం లేదు. రోజూ మధ్యాహ్నం ఐటీఐ నుంచి సైకిలు మీద వచ్చి కూర్చునేవాణ్ణి.

పని సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను ఏం చేశానో మీకు అందదు. కరీంనగర్ కంప్యూటరులో ఉండి, ఫోను ఎత్తి, వచ్చింది వచ్చినట్టు రాసుకునే ప్రోగ్రామును సర్వరు అంటారు. చెన్నూరు నుంచి పంపేది క్లయింటు. ఈ ఇద్దరికీ పనికొచ్చే పనిముట్లన్నీ, అంటే ముక్కలు చేయడం, పంపడం, అందుకోవడం, సరిచూడటం, ఒక మూటగా కట్టి పెట్టుకుంటాం. దాన్ని లైబ్రరీ అంటారు. ఆ మూడూ నేను రాసినవే. ఇందులో పెంచింది ఏమీ లేదు.

ఒక్కో రోగి వివరం ఒక్కో ముక్క. చెన్నూరు ఒక ముక్క పంపి ఆగేది. కరీంనగర్ అందిందని చెబితేనే రెండోది. వాన పడితే తీగల్లో గరగర, గాలి వీస్తే గరగర. ముక్క చెడిపోతే మళ్లీ అదే ముక్క. అన్నీ అయ్యాక సర్వరు మొత్తం ఫైలును మొదటినుంచి చదివి, లెక్క కలిసిందా లేదా చూసుకుని, కలిస్తేనే అటు ఓకే అని చూపించమనేది. మామూలు రోజుల్లో మందులకు వచ్చినవాళ్ల పేర్లు కొన్ని వచ్చేవి. శిబిరం ముందు రోజు జాబితా అంతా రావడానికి దగ్గర దగ్గర యాభై నిమిషాలు.

అవతల చెన్నూరులో కూర్చునేవాడు రాజలింగు. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో. మంచిర్యాలలో టైపు నేర్చుకుని వచ్చాడు. బామ్మర్ది దుబాయి నుంచి రమ్మని ఉత్తరాలు రాసినా, కుర్చీ, ఫ్యాను, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వదిలిపెట్టి పోనని ఇక్కడే ఉన్నవాడు. అతను మనిషిగా నాకు మూడు నాలుగు సార్లే కనబడ్డాడు. గొంతు మాత్రం రోజూ వినేవాణ్ణి. ఎందుకంటే అతనికి ఒక పద్ధతి ఉండేది. నేను పెట్టింది కాదు, అతనే పెట్టుకున్నాడు. ఫైలు పంపడం అయ్యాక, మోడెం లైను వదలగానే, అదే లైను మీద నాకు ఫోను చేసేవాడు.

"సార్, ముట్టిందా?"

"ముట్టింది."

"ఆఖరి పేరు చెప్పున్రి."

తెర మీద చివరి పేరు చూసి చదివేవాణ్ణి. అతను తన తెర మీద చూసుకునేవాడు. "ఆఁ, గదే. ఆఖరిది కలిస్తే నడుమ ఫికర్ లేదు" అనేవాడు. తరువాత, "తిన్నరా సార్? ఏం కూర?"

"మటన్."

"ఇయ్యాల శనారం సార్. కొండగట్టు మొక్కున్నదని శనారం తిననంటిరి గద."

నేను తిన్నది ఊరగాయ మెతుకులు. అతనికి తెలుసు. అడగడం మానలేదు. చెన్నూరులో వాన పడిందో లేదో, గోదావరి ఎంత దాకా వచ్చిందో చెప్పి పెట్టేసేవాడు. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు తప్ప నన్ను ఏం కూర అని అడిగే మనిషి రెండు జిల్లాల్లోనూ లేడు. ఇది పెంచి చెప్పడం కాదు. పెంచితే బాగుండేది.

ఆ ఫోనును ఆపించింది నేనే.

ఆసుపత్రి సెక్రటరీ పెద్ద భూములున్న ఇంటివాడు, రైసు మిల్లు ఆయనది. నిక్కచ్చి మనిషి. ఒకరోజు నేను ఫోనులో పేరు చదువుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు. పెట్టేశాక, "ఇంత పెద్ద మిషిన్ పెట్టుకొని మళ్ల ఫోన్ల పేర్లు సదువుడేంది సారూ? బడిల హాజరు తీసినట్టు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్కన ఇద్దరు నర్సులు కూడా నవ్వారు. అంతే. అదే జరిగింది. ఇంతదానికి మనిషి ఎంత దూరం పోతాడు? నేను పోయాను. వచ్చే నెలలో దాత చూడ్డానికి వస్తున్నాడు కదా, అప్పటికి యాభై నిమిషాల పనిని ఇరవై నిమిషాలకు తెస్తానని, ఫోను అవసరమే ఉండదని అక్కడికక్కడే అనేశాను. ఇరవై ఎక్కడినుంచి వచ్చింది? ఏ లెక్కా వేయలేదు. నోట్లోకి వచ్చింది.

నెల రోజులు కష్టపడ్డాను. ఆ కష్టం అబద్ధం కాదు. లైబ్రరీని తిరగరాశాను. ఒక్కో ముక్కకూ ఆగకుండా, పదహారు ముక్కలు వరసగా పంపి ఒకేసారి ఆగేట్టు చేశాను. పదహారూ అందాయంటే తరువాతి పదహారు. చెడినవి మాత్రమే మళ్లీ పంపడం. ఇప్పుడు తలచుకున్నా ఆ పని నాకు ముద్దొస్తుంది. రాస్తున్న రోజుల్లో గదిలో ఒంటరిగా ఉన్నానని కూడా మరిచిపోయాను. అంతా అయ్యాక రాజలింగును పాత జాబితా ఒకటి పంపమని గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై మూడు నిమిషాలు.

యాభై నుంచి ఇరవై మూడు. ఇంకెవడైనా దేవుడి కాళ్ల మీద పడతాడు. నాకు మాత్రం ఆ మూడు కనబడింది. మూడు నిమిషాలు ఎక్కడ పోతున్నాయో వెతికాను. చివరన. సర్వరు ఫైలంతా మళ్లీ చదివి లెక్క చూసుకునే చోట. ఆ పాత కంప్యూటరుకు మూడు నిమిషాలు పట్టేది.

తీసేశాను.

తీసేస్తే ఏమవుతుందో తెలియక కాదు. పదహారు నిండని చివరి గుంపు అందిందో లేదో తెలిసేది ఆ చోటే. అది లేకపోతే, చెన్నూరు తన దగ్గరున్నదంతా తీగలోకి నెట్టేసి ఓకే అని చూపిస్తుంది. అవతల అందినా, అందకపోయినా. ఇటు సర్వరుకు ఫైలు ఎప్పుడు అయిపోయిందో తెలియాలి కాబట్టి, లైను తెగితే అయిపోయినట్టే అని నేర్పాను. లైను రెండు కారణాలకు తెగుతుంది, పని అయిపోయి, లేదా పని కాకుండానే. రెంటికీ తేడా తెలియని దాన్ని తయారుచేశాను. దాత వచ్చి పోయాక మళ్లీ పెడతానని అనుకున్నాను. దాత వచ్చాడు, ఇరవై నిమిషాలకు పది సెకన్లు తక్కువలో జాబితా వచ్చింది, చప్పట్లు కొట్టారు. మళ్లీ పెట్టలేదు. ఎందుకు? బద్ధకమా? కాదు. పెడితే ఇరవై మూడవుతుంది.

ఆ రోజు సాయంత్రమే రాజలింగుకు చెప్పాను, రేపటినుంచి ఫోను చేయక్కర్లేదని, తెర మీద ఓకే వస్తే ముట్టినట్టేనని.

"గట్లనే సార్. మరి ఏం కూరనో ఎట్ల తెలుస్తది?"

"రోజూ మటనే అనుకో" అన్నాను.

నవ్వాడు. పెట్టేశాడు.

రెండు శిబిరాలు ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. మధ్యాహ్నం మూడింటికి తెర మీద పేర్లు వచ్చేవి, ఆగిపోయేవి. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. గొంతు లేకుండా వచ్చే పేర్లు. నాకు నేనే చేసుకున్నది కాబట్టి ఎవరితోనూ అనలేకపోయాను.

మూడో శిబిరానికి ముందు రోజు, జాబితా వచ్చాక, ఫోను మోగింది.

ఎవరు చేశారో నాకు తెలుసు. ఆ వేళప్పుడు ఇంకెవరూ చేయరు. చేయి దాని మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. వద్దని చెప్పిన మనిషి చేస్తే ఎత్తడం ఏమిటి అనుకున్నాను. పోనీ, ఎత్తితే రేపు మళ్లీ చేస్తాడు, ఎల్లుండి చేస్తాడు, సెక్రటరీ వింటాడు అనుకున్నాను. ఇవన్నీ తరువాత కుట్టుకున్న కారణాలు కావచ్చు. అప్పుడు అనుకున్నది బహుశా ఒకటే, ఇంకొంచెం సేపు మోగనీ అని. నా కోసం మోగుతోంది కదా అని. ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. నేను జాబితా అచ్చు తీసి నర్సుకిచ్చి, సైకిలెక్కి గదికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున చెన్నూరు బస్సు దిగి రోగులు వచ్చారు. ఆసుపత్రి గేటు దగ్గర జాబితాలో టిక్కు పెట్టి లోపలికి పంపుతున్నారు. శిబిరం రోజని నేనూ పొద్దున్నే వచ్చి కంప్యూటరు గదిలో కూర్చున్నాను. కాసేపటికి నర్సు అక్కడికి వచ్చింది. "సార్, మన తాన నూట ఇరవై ఎనిమిది పేర్లే ఉన్నయి. ఆడ పదకొండు మంది నూటముప్పై తొమ్మిది దాక చీటీలు పట్టుకొని నిలవడ్డరు. ఏం జెయ్యాలె?"

నూట ఇరవై ఎనిమిది.

ఎనిమిది పదహార్లు. ఆ అంకె చెవిన పడగానే నాకు తెలిసిపోయింది. టైపు చేసే మనిషి ఎవడూ సరిగ్గా పదహారు గుంపు నిండిన చోట ఆపడు. తెంపింది తీగ. తెగింది కనిపెట్టకుండా చేసింది నేను. అక్కడే లేచి, తప్పు నాది, వాళ్లను లోపలికి పంపండి అంటే సరిపోయేది. పడకలు లేకపోతే వరండాలో చాపలు వేసేవాళ్లు. అద్దాలు రెండ్రోజులకు వచ్చేవి. నర్సు నిలబడే ఉంది.

"నాకు ముట్టినవి గివే" అన్నాను.

అది నిజం. గమనించండి. ఆ మాటలో ఒక్క అక్షరం పెంచలేదు.

కిటికీలోంచి వాళ్లు పోవడం చూశాను. ముందున్న ఆయనకు ఒక కన్ను కొంచెం కనబడుతుందేమో, మిగతావాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, తువ్వాలల్లో పళ్లేలు, గ్లాసులు మూట కట్టుకుని, గోడ పక్కనుంచి బస్టాండు వైపు నడిచారు. చివరన ఒక ముసలామె. ఆమె వెనక ఎవరూ లేరు కాబట్టి, ఖాళీగా ఉన్న చేత్తో గోడను తడుముతూ పోయింది.

నాలుగు రోజుల తరువాత రాజలింగును పిలిపించారు. మొదటి బస్సుకే వచ్చాడు. పాలిథిన్ కవరులో ఒక ఫ్లాపీ తెచ్చాడు. సెక్రటరీ గదిలో సెక్రటరీ, పెద్ద డాక్టరు, నేను. అతన్ని కూర్చోమనలేదు.

"నూట ఇరవై ఎనిమిది పేర్లు పంపి నూటముప్పై తొమ్మిది చీటీలెట్ల రాసిస్తివి?" అని సెక్రటరీ అడిగాడు.

"నూటముప్పై తొమ్మిది పంపిన సార్. ఓకే అని గూడ వచ్చింది. ఫైలు గీ ఫ్లాపీల ఉన్నది. తారీఖు సుత చూడున్రి, ముందు రోజుదే ఉంటది."

"గా పదకొండు మందిల తొమ్మిది మంది మీ ఊరోళ్లేనట. ఒకామె నీకు మేనత్తనట."

"అవు సార్. మనోళ్లని ముందల రాస్తే నలుగురు అంటరని, అందరివి రాసినంక మా ఊరోళ్లయి రాసిన. ఎప్పుడైన గంతే రాస్త."

"జాబితా పంపినంక రాసినవ్. మా మనుషులని చీటీలిచ్చినవ్."

"కాదు సార్. పంపినంక మనసు ఊకోక ఫోను గూడ చేసిన. రెండు సార్లు చేసిన. సారు ఎత్తలే."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను ఫ్లాపీ వైపు చూశాను. సెక్రటరీ నన్ను ఫోను గురించి అడగలేదు. అడిగితే ఏమనేవాణ్ణో ఇప్పటికీ తెలియదు. ఆయన అడిగింది వేరే.

"సారూ, మీకు తెలుస్తది కాబట్టి అడుగుతున్న. ఫైలు మీది తారీఖు ఎన్కకు మార్చొచ్చా?"

"మార్చొచ్చు" అన్నాను.

మార్చవచ్చు. కంప్యూటరు గడియారం వెనక్కి తిప్పి ఫైలు దాచుకుంటే సరి, ఎవరైనా చేయగలరు. నిజం. మూడు గంటలు ఆగి ఇంకేదైనా చెప్పమన్నా ఇంతకంటే నిజం చెప్పలేను. జీవితమంతా మూడు వందల పెళ్లిళ్లు, నూట నాలుగు జ్వరాలు చెప్పి ఎవరికీ హాని చేయనివాణ్ణి, కొలిచినట్టు, అతికినట్టు, ఉన్నదున్నట్టు ఒక్క మాట చెప్పి ఒక మనిషిని నిలువునా పడేశాను. అప్పుడు ఎందుకు పెంచలేదు నేను? ఇట్లాంటివాడు కాదండీ, పదేళ్లుగా తెలుసు, కొండంత నిజాయితీ అని ఎందుకు నోటికి రాలేదు? రోజూ వచ్చే అబద్ధాలు ఆ ఒక్క రోజు ఎక్కడికి పోయాయి?

ఉద్యోగ భయమా అని మీరు అడగవచ్చు. నా ఉద్యోగం ఐటీఐలో. ఆసుపత్రి నాకు టీ తప్ప ఏమీ ఇచ్చేది కాదు. పోవడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఇరవై నిమిషాలు అన్న మాట. దాని కోసం.

రాజలింగు బల్ల మీది ఫ్లాపీ తీసుకున్నాడు. "సారు చెప్పినంక ఇగ నేనేం చెప్పాలె" అన్నాడు. నేను బయటికి వచ్చేసరికి వరండాలో నిలబడి ఫ్లాపీని కవరులో పెట్టుకుంటున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. అతను తల ఎత్తి, రోజూ ఫోనులో వినబడే అదే గొంతుతో అన్నాడు.

"సార్, ఆఖరి పేరు చెప్తా. రాసుకోండ్రి."

చెప్పాడు. నంబరు, పేరు, భర్త పేరు, వయసు, ఏ కన్ను. నిదానంగా, రాసుకోవడానికి వీలుగా, మధ్యలో ఆగుతూ చెప్పాడు.

"రాసుకున్నరా?"

"రాసుకున్న" అన్నాను.

జేబులో పెన్ను ఉంది. తీయలేదు. నా చేతులు ఖాళీగా ఉండటం అతనికి కనబడుతూనే ఉంది. తల ఊపి, బస్సు టైమవుతుందని పోయాడు. ఏం కూర అని అడగలేదు.

అతన్ని తీసేశారు. ఊళ్లో ఏమనుకున్నారో, కళ్లు చూపించుకోవడానికి అతని మాట నమ్మి చీటీలు తీసుకున్నవాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. కొన్ని నెలల తరువాత కొత్తగా వచ్చిన ఆపరేటరు వేరే పని మీద ఫోను చేసి, మాటల్లో, "రాజలింగన్న బామ్మర్ది తానికి దుబాయి పోయిండు సార్" అన్నాడు. పోనంటే పోనన్నవాడు.

ప్రోగ్రామును సరిచేశాను. విచారణ అయిన మర్నాడే, ఐటీఐకి సెలవు పెట్టి. తీసేసినదాన్ని తీసేసిన చోటే పెట్టాను. నాలుగు పంక్తులు. లైను తెగితే సగమే వచ్చిందని సర్వరు చెప్పేట్టు, మళ్లీ కలిస్తే ఆగిన చోటినుంచి అందుకునేట్టు చేశాను. చాలా మంచి పని. ఎందుకు మార్చానో ఎక్కడా రాసిపెట్టలేదు. జాబితా రావడానికి మళ్లీ ఇరవై మూడు నిమిషాలు పట్టింది.

ఎవరూ అడగలేదు. ఆ నెల కాదు, ఆ ఏడాది కాదు, ఎప్పుడూ అడగలేదు. దాత వచ్చిన రోజు తప్ప ఆ గదిలో గడియారం చూసిన మనిషి లేడు. నేను ఒక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను.

తరువాతి ఏడు ఆసుపత్రి వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

వెనక్కి పోయిన ఆ పదకొండు మందిని తరువాతి శిబిరానికి నేనే పట్టుబట్టి పిలిపించానని ఒకరిద్దరికి చెప్పాను. పిలిపించింది పెద్ద డాక్టరు. చీటీలు ఎట్లా వచ్చినా కళ్లలో పొర ఉన్నది నిజమే కదా అన్నాడట. ఆ జాబితా వచ్చినప్పుడు నేను తెర మీద, రాజలింగు వరండాలో చెప్పిన ఆ ఒక్క పేరు కోసం వెతికాను. లసుమవ్వ. లేదు. ఆ తరువాతి నెల వెతికాను. లేదు. రానందో, రాలేకపోయిందో. ఒక ఫోను చేసి కొత్త ఆపరేటరును అడిగితే తెలిసేది. ఎదురుగా నల్లగా కూర్చుని ఉండేది ఆ ఫోను.

ఒకసారి చెన్నూరు పోయి రాజలింగు ఇంటి ముందు నిలబడ్డాను. తలుపుకు తాళం ఉంది. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చాను.

ఇది దించాలి. మంచిర్యాల దాకా పోయాను. అక్కడ బస్సు మారాలి. చెన్నూరు బస్సు వచ్చింది, కండక్టరు చెన్నూరు, చెన్నూరు అని పిలిచాడు, సీట్లు కూడా ఉన్నాయి. టీ కొట్టు దగ్గర నిలబడి అది పోవడం చూశాను. కరీంనగర్ బస్సెక్కాను. తాళం, అరుగు నేను పెట్టినవి. ఆ ఇంటికి అరుగు ఉందో లేదో కూడా నాకు తెలియదు.

ఇంకొకటి కూడా దించాలి, అన్నిటికంటే ముందు చెప్పింది. పదకొండు పేర్లు మోస్తున్నానన్నాను. లేదు. పది పేర్లు నాకు తెలియవు. తరువాతి జాబితాలో కళ్ల ముందునుంచే పోయి ఉంటాయి, నేను చూడలేదు. పదకొండు మందికి అన్యాయం చేసి పదకొండు మంది పేర్లూ గుర్తుపెట్టుకునేంత మంచివాణ్ణి కూడా కాను. నా దగ్గర ఉన్నది ఒక్క పేరు. అది కూడా నేను తీసుకున్నది కాదు, అతను ఇచ్చి పోయింది.

రాజలింగుకు ఇప్పుడు అరవైకి దగ్గరుంటాయి. తిరిగి వచ్చాడో లేదో తెలియదు. అతను ఇది చదువుతాడని నేను రాయడం లేదు. చదివితే క్షమించమని అడగను. అడిగితే ఆ అడగడాన్ని కూడా కొంచెం పెంచి అడుగుతాను, నా సంగతి నాకు తెలుసు. మీరు కూడా నన్ను ఏమీ అనకండి. అయ్యో అనకండి, ఇంత చిన్నదానికా అనకండి. ఫోను అవతల ఉన్నట్టు ఉండండి, చాలు. ఈ నాలుగు కాగితాలు రాస్తున్నంతసేపు గదిలో కొంచెం అలికిడి ఉంది. చాలా కాలానికి ఎవరితోనో మాట్లాడినట్టుంది.

మూడు దాటింది. పెన్ను చేతిలోనే ఉంది.

నూటముప్పై తొమ్మిది. లసుమవ్వ. భర్త పోశం. అరవై నాలుగేళ్లు. ఎడమ కన్ను.

రాసుకున్నాను.